పన్నెండో పేరు

"పెద్దమ్మా, నేను జట్టులో ఉన్నెట్టా, లేనెట్టా?"

మా చెల్లెలి కూతురు నన్నీ మాట అడిగి ఏడాదిన్నర కావస్తోంది. 2024 జూలై ఆఖరి వారం. అప్పుడు తను ఇంటర్ మొదటి సంవత్సరం. కబడ్డీ పోటీలకని ప్రొద్దుటూరు పోయి, రెండు రోజులు అక్కడుండి, తిరిగి ఊరికి పోతూ మైదుకూరులో మా ఇంట్లో దిగింది. వాళ్ళ జట్టుకు రెండో స్థానం వచ్చింది. జట్టుకిచ్చిన టీ షర్టు ఒంటిమీదే ఉంది, మడత కూడా నలగలేదు. పన్నెండు మంది జాబితాలో తనది పన్నెండో పేరు. నాలుగు మ్యాచ్‌లు జరిగాయి. ఒక్క నిమిషం కూడా బరిలోకి దిగలేదు. నీళ్ళ సీసాలు నింపింది, సంచులకు కాపలా ఉంది, మోకాళ్ళు కొట్టుకుపోయిన వాళ్ళకు మందు రాసింది, గొంతు పోయేదాకా అరిచింది. కప్పుతో దిగిన ఫొటోలో ఓ చివర నిలబడింది.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోనులో పారిస్ ఒలింపిక్స్ పెట్టుకుంది. ఆడవాళ్ళ రగ్బీ సెవెన్స్. అమెరికాకూ ఆస్ట్రేలియాకూ మధ్య మూడో స్థానం కోసం ఆట. ఆఖరి క్షణాల్లో అలెక్స్ సెడ్రిక్ అనే అమ్మాయి బంతి చంకన పెట్టుకుని, పట్టుకోబోయిన వాళ్ళను విదిలించుకుని, దాదాపు మైదానం పొడుగునా పరుగెత్తింది. 14-12తో అమెరికా గెలిచింది. నేనూ పక్కన చేరి చూశాను. నాకా ఆట తెలియదు. కానీ మా పిల్లకు వెంటనే పట్టుబడింది. "ఇది మన చెడుగుడే పెద్దమ్మా, బంతి ఒగటి ఎచ్చు" అంది. తర్వాత తెరమీద రెండు జట్ల పేర్లూ వచ్చాయి. లెక్కపెట్టింది. జట్టుకు పన్నెండు. అప్పుడడిగింది ఆ ప్రశ్న.

నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఆటల గురించి రాసే అర్హత నాకేమీ లేదు. కానీ ఈ ప్రశ్న ఆటల గురించి కాదని తర్వాత తర్వాత అర్థమైంది. ఒక సమూహంలో ఉండటమంటే ఏమిటి? పేరుంటే ఉన్నట్టా, పని చేస్తే ఉన్నట్టా? ఆడవాళ్ళుగా మనం ఎన్ని చోట్ల ఈ ప్రశ్న వేసుకోకుండానే బతికేస్తున్నాం?

పిల్ల చెప్పింది నిజమేనా అని తర్వాత చదివి చూశాను. రగ్బీ సెవెన్స్ పుట్టింది 1883లో, స్కాట్లాండ్‌లోని మెల్రోజ్ అనే చిన్న ఊళ్ళో. నెడ్ హేగ్ అనే కసాయి తమ క్లబ్బుకు డబ్బులు లేక, నిధుల కోసం పోటీ పెడదామన్నాడు. పదిహేను మందితో ఆడే ఆటను ఒకే రోజు అన్నిసార్లు ఆడించటం కుదరదు కాబట్టి ఏడుగురికి తగ్గించారు. ఇప్పటికీ సగానికి 7 నిమిషాలు, మొత్తం 14 నిమిషాల ఆట. బరిలో ఏడుగురు, బయట ఐదుగురు. మన కబడ్డీలో కూడా అంతే కదా, ఏడుగురు లోపల, ఐదుగురు బయట. రగ్బీలో చేతితో బంతిని ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. ఎంత వేగంగా ముందుకు పోయే మనిషైనా తన వెనక ఎవరో వస్తున్నారన్న నమ్మకం మీదే బతకాలి.

ఆడవాళ్ళ సెవెన్స్‌కు మొదటి ప్రపంచకప్ 2009లో దుబాయ్‌లో జరిగింది. ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2016లో, రియోలో. పారిస్‌లో పన్నెండు దేశాలు, దేశానికి పన్నెండు మంది చొప్పున 144 మంది ఆడవాళ్ళు. అయితే జట్టు వెంట వచ్చే రిజర్వులు వేరే ఉంటారు. వాళ్ళు ఈ లెక్కలో లేరు. లోపలివాళ్ళకు గాయమై ఎవరైనా తప్పుకుంటేనే వాళ్ళ పేరు జాబితాలోకి ఎక్కుతుంది. అంటే మెట్లు మూడు. ఆడే ఏడుగురు, కూర్చునే ఐదుగురు, కూర్చునే వరసలో కూడా లేకుండా వెంట వచ్చినవాళ్ళు. మా పిల్ల రెండో మెట్టు మీద ఉండి ఏడుస్తోంది. మూడో మెట్టు కూడా ఒకటుందని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

మన దేశం రగ్బీ సెవెన్స్‌లో ఒలింపిక్స్ దాకా ఇంకా పోలేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన అమ్మాయిలు ఆడారు, పతకం రాలేదు. 2019లో మనీలాలో, పదిహేను మంది ఆటలో, సింగపూర్‌ను 21-19తో ఓడించారు. ఆ ఆటలో భారత మహిళలకు అదే మొదటి అంతర్జాతీయ గెలుపు. చివర్లో పెనాల్టీ కొట్టి గెలిపించింది సుమిత్రా నాయక్. భువనేశ్వర్‌లో ఆదివాసీ పిల్లల కోసం నడిచే కిస్ విద్యాసంస్థలో చదువుకున్న అమ్మాయి. మన తెలుగు నేల పేరుతో సెవెన్స్ జట్టు ఒకటి వచ్చింది, 2025 జూన్‌లో. రగ్బీ ప్రీమియర్ లీగ్ అని ముంబైలో పెట్టారు. అందులో హైదరాబాద్ హీరోస్ ఉంది. అయితే ఆ ఏడాది ఆ లీగ్ మగవాళ్ళకు మాత్రమే!

సరే, మా పిల్ల దగ్గరికి వస్తాను. ఆ రాత్రి నేనేం చెప్పాను? నోటికొచ్చిన మాట చెప్పాను. "జట్టు ముఖ్యం గానీ నువ్వు ఆడినావా లేదా అనేది కాదు నాయనా. అందరి గెలుపూ నీ గెలుపే."

చెప్పిన మరుక్షణం నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఈ మాట నేనెక్కడో విన్నాను. ఒకసారి కాదు, వెయ్యిసార్లు. పెళ్ళైన కొత్తలో మా అత్త అనేది, "ఇల్లు ముందు, మనం తరువాత" అని. నాకు ఎం.ఫిల్. సీటొచ్చినప్పుడు అందరూ కలిసి అన్నారు, "నీ మొగుని ఉద్యోగం నిలబడనీ, అందరిదీ ఒకటే గదా" అని. ఇల్లు అనే జట్టులో నేను ఎప్పుడూ బెంచీ మీదే ఉన్నాను. ఎవరికి జ్వరమొస్తే వాళ్ళ స్థానంలో, ఎవరు పొలం పోతే వాళ్ళ స్థానంలో దిగాను. ఆట అయిపోయాక మళ్ళీ బెంచీ మీదికి వచ్చాను. కప్పు ఇంటిపేరు మీద ఉండేది. ఆ ఇంటిపేరు నాది కాదు.

మరి ఆ మాట నా చెవికి అంత చేదుగా తగిలితే, అదే మాట పదహారేళ్ళ పిల్లకు ఎందుకు చెప్పాను? అది అబద్ధమా? అబద్ధమని కూడా అనలేను. ఎందుకంటే ఆ ఐదుగురు లేకుండా ఏడుగురు లేరు. రోజూ సాధన చేసేటప్పుడు ఎదుటి జట్టుగా నిలబడి పట్టుబట్టింది ఆ ఐదుగురే. వాళ్ళ మీద ఆడి ఆడే వీళ్ళు రాటుదేలారు. అంటే ఒకే వాక్యం ఒకచోట న్యాయం, ఇంకోచోట మోసం. తేడా ఎక్కడుంది?

నాకు తోచింది ఇది. "నీ కంటే జట్టు ముఖ్యం" అనే మాట చెప్పే హక్కు, రేపు తానూ బెంచీ మీద కూర్చోవలసి రావచ్చు అని తెలిసిన మనిషికే ఉంటుంది. ఆటలో కెప్టెన్‌ను కూడా పక్కన పెట్టవచ్చు. నిన్న కూతకు పోయిన పిల్ల ఇవాళ నీళ్ళు అందించవచ్చు. చోట్లు మారతాయి. మారాలని నియమం ఉంది, ఎందుకు మారాయో అడగవచ్చు. ఇంట్లో చోట్లు మారవు. మా అన్న ఎప్పుడైనా బెంచీ మీద కూర్చున్నాడా? మా ఆయన? వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. కానీ వాళ్ళు పుట్టినప్పుడే బరిలో పుట్టారు.

తత్వశాస్త్రం చదివిన స్నేహితురాలితో ఈ మాట అంటే జాన్ రాల్స్‌ను గుర్తుచేసింది. 1971లో వచ్చిన ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’లో ఆయన ఒక ఊహ చేశాడు. సమాజంలో తమకు ఏ చోటు దక్కుతుందో ఎవరికీ తెలియకుండా ఒక తెర అడ్డం పెట్టి, అప్పుడు నియమాలు రాసుకోమన్నాడు. తనకు ఏ కంచం వస్తుందో తెలియని మనిషి సమంగానే వడ్డిస్తుంది కదా! 1989లో సుసాన్ మోలర్ ఓకిన్ తన ‘జస్టిస్, జెండర్ అండ్ ద ఫ్యామిలీ’లో రాల్స్‌ను నిలదీసింది. కుటుంబం న్యాయంగానే ఉంటుందని ముందే అనుకుని, ఆ తెరను వంటింటి గుమ్మం దగ్గర ఆపేశావేమిటని. మనుషులు న్యాయమంటే ఏమిటో మొదట నేర్చుకునేది ఇంట్లోనే, అక్కడే అది లేకపోతే బయటి నియమాలు ఎవరి కోసమని ఆమె వాదన. ఆటస్థలంలో బెంచీ మీద కూర్చున్న పిల్ల తన చోటు మారదేమోనని ఎందుకు భయపడుతుందో నాకక్కడ అర్థమైంది. ఇంట్లో చూసి నేర్చుకున్న భయం అది.

ఇక్కడితో ఆపి ఉంటే ఈ వ్యాసం నాకు సుఖంగా ఉండేది. నేను బాధితురాలిని, ఇల్లు దోషి. చాలాకాలం నేను చెప్పుకున్న కథ కూడా అదే. ఆ కథ చెప్తాను.

1979. నేను పదో తరగతి. మా ఊరు మైదుకూరుకు దగ్గరే, కె.సి. కాలువ కింద పసుపు పండే ఊరు. మా హైస్కూల్లో ఆడపిల్లల కబడ్డీ జట్టు కట్టారు. ప్రొద్దుటూరులో పోటీలు. పన్నెండు మందిలో నా పేరుంది. నెల రోజులు సాయంత్రాలు ఆడాను. సరిగ్గా పోటీలకు మూడు రోజుల ముందు మా జేజి జారిపడి తుంటి విరిగింది. పసుపు వండే కాలం. అమ్మా నాయనా పొలంలో పొయ్యిల దగ్గర. "ఇంట్లో మనిషి కావల్ల" అన్నారు. అన్న కూడా ఇంట్లోనే ఉన్నాడు, కానీ అతను మనిషి కింద లెక్కకు రాలేదు! నేను పోలేదు. జేజి పక్కన కూర్చుని ఏడ్చాను.

ఈ కథ నేను స్త్రీల సభల్లో చెప్పాను. తరగతిలో చెప్పాను. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కథ అబద్ధం కాదు. కానీ సగమే.

మిగతా సగం ఇది. నా బదులు ఇంకొక పిల్ల పోయింది. దళితవాడ నుంచి మా స్కూలుకు వచ్చేది. నా తరగతే. జాబితా అప్పటికే పంపేశారు కాబట్టి, పేరు మార్చే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆమె నా పేరు మీద ఆడింది. మా జట్టు ఒక ఆట గెలిచి, ఒకటి ఓడి తిరిగొచ్చింది. కొన్నాళ్ళకు సర్టిఫికెట్లు వచ్చాయి. నా పేరుతో ఒకటి వచ్చింది. అది నా చేతికిచ్చారు. నేను తీసుకున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆటలో ఆమె నా కంటే చాలా మేలు. కూతకు పోతే ఆమెను ఆపేవాళ్ళు మాలో లేరు. అయినా పన్నెండు పేర్లు రాసేటప్పుడు ఆమె పేరు ఎందుకు రాయలేదు? ఆ రోజు నేను అడగలేదు. నాకు ఆ అనుమానమే రాలేదు. నా ఆట కంటే ముందు మా నాయన పేరు ఆ జాబితాలోకి ఎక్కిందని నాకిప్పుడు తెలుసు. మా ఇంట్లో నేను బెంచీ మీద మనిషినే. కానీ మా ఊళ్ళో నేను బరిలో పుట్టినదాన్నే. ఈ రెండూ ఒకేసారి నిజం కావటం ఒప్పుకోవటానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

డిగ్రీలో చేరటానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆటల సర్టిఫికెట్లుంటే జతచేయమన్నారు. జతచేశాను. దానివల్లే సీటొచ్చిందని చెప్పలేను. దానివల్ల రాలేదనీ చెప్పలేను. ఆమె పదితో చదువు మానేసింది.

ఇదంతా ఎందుకు బయటికి వచ్చిందంటే 2025 నవంబరు 2 వల్ల. ఆ రాత్రి నవీ ముంబైలో మన ఆడపిల్లలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి క్రికెట్ ప్రపంచకప్ గెలిచారు. మా జిల్లా అంతా పండగే. ఎందుకంటే ఆ పదిహేను మందిలో శ్రీచరణి ఉంది. మా కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె పిల్ల. ఎడమచేతి స్పిన్నర్. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటి స్థలం ప్రకటించింది. రగ్బీ కాకపోయినా, కబడ్డీ కాకపోయినా, దేశం జట్టు జాబితాలో మా మట్టి పేరు ఒకటి చూశామని మా పిల్ల ఎగిరి గంతేసింది. మళ్ళీ పేర్లు లెక్కపెట్టింది. అలవాటైపోయింది తనకు.

అలా లెక్కపెడుతూ అంది, "పెద్దమ్మా, హైదరాబాద్ అరుంధతీ రెడ్డి కూడా ఉంది చూడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడనీలేదు. నా మాదిరే." నిజమే. అరుంధతి పదిహేను మందిలో ఉంది. టోర్నీ మొత్తంలో ఒక్క ఆటలోనూ దిగలేదు. అయినా ఆమె మెడలో పతకం ఉంది. ఉండాలి కూడా. ఆమె దొంగిలించిన పేరు కాదు అది. వేగంగా బంతులేస్తూ ఏళ్ళతరబడి సంపాదించుకున్న పేరు. ఆమె దిగవలసి వస్తే దిగటానికి సిద్ధంగా ఉంది కాబట్టే మిగతావాళ్ళు ధైర్యంగా ఆడారు.

అదే రాత్రి మైదానంలో చక్రాల కుర్చీలో ఇంకో అమ్మాయి ఉంది. ప్రతీకా రావల్. ఆ టోర్నీలో 308 పరుగులు చేసింది. న్యూజిలాండ్ మీద సెంచరీ కొట్టింది. లీగ్ దశ ఆఖరి మ్యాచ్‌లో, బంగ్లాదేశ్ మీద ఫీల్డింగ్ చేస్తూ కాలికి గాయమైంది. ఆమె పేరు తీసేసి, మొదటి పదిహేను మందిలో లేని షెఫాలీ వర్మ పేరు చేర్చారు. ఫైనల్లో షెఫాలీ 87 పరుగులు చేసి, రెండు వికెట్లు తీసి, ఆ మ్యాచ్‌కే ఉత్తమ క్రీడాకారిణి అయింది. నియమం ప్రకారం పతకాలు చివర్లో జాబితాలో ఉన్న పదిహేను మందికే. కాబట్టి 308 పరుగులు చేసిన మనిషికి ఆ రాత్రి పతకం లేదు. తర్వాత ఐసీసీ అధ్యక్షుడు జయ్ షా చొరవ తీసుకుని తనకూ పతకం ఏర్పాటు చేశారని ప్రతీక స్వయంగా చెప్పింది.

ఎవరూ తప్పు చేయలేదు. షెఫాలీ ఎవరి చోటూ లాక్కోలేదు. నియమం కూడా దురుద్దేశంతో రాసింది కాదు, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా. అయినా ఒక పెద్దమనిషి దయ తలిస్తే గానీ ఆమెకు రావలసింది రాలేదు. దయ మీద ఆధారపడే న్యాయం ఎలాంటిదో ఆడవాళ్ళకు వేరే చెప్పాలా?

ఆ చక్రాల కుర్చీని టీవీలో చూస్తున్నప్పుడు నా గుండె దడదడలాడింది. ఆడినా జాబితాలో లేని మనిషి ఒకరు. జాబితాలో ఉన్నా ఆడని మనిషి ఒకరు. 1979లో మేమిద్దరం అంతే. కానీ అరుంధతికీ నాకూ ఒక పెద్ద తేడా ఉంది. అరుంధతి పేరు కింద ఇంకొకరి ఆట దాగిలేదు. నా పేరు కింద దాగుంది.

మనం స్త్రీల చరిత్ర రాసుకునేటప్పుడు మాయమైన పేర్ల కోసం వెతుకుతాం. 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు మనమందరం ఉలిక్కిపడ్డాం. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసి, పోరాటం ఆగాక లెక్కలోంచి జారిపోయిన ఆడవాళ్ళు తమ గొంతుతో మాట్లాడారు అందులో. ఆ పుస్తకం నేను ఎందరో విద్యార్థినులచేత చదివించాను. చదివించేటప్పుడు ప్రతిసారీ నన్ను నేను మాయమైన వాళ్ళ వైపే ఊహించుకున్నాను. ఇంకొకరిని మాయం చేసిన కాగితం నా బీరువాలోనే ఉందని అప్పుడు గుర్తు రాలేదు. గుర్తు రాకపోవటం కూడా ఒక హోదానే కదా!

జట్టు అనే ఏర్పాటు గొప్పతనం ఎక్కడుందంటే, ఆడని మనిషి పేరు కూడా రాసిపెట్టటంలో ఉంది. ఇల్లు ఆ పని చేయదు. అందుకే నాకు జట్టంటే గౌరవం. కానీ అదే జట్టు ఆడిన మనిషి పేరు రాయకపోతే, ఇంటి కంటే ఘోరం. ఎందుకంటే ఇంటి దగ్గర మనం కనీసం అనుమానంతో ఉంటాం. జాబితాను మాత్రం నమ్ముతాం. అచ్చులో ఉంది కదా అని. పన్నెండు మంది పేర్లు చదివి దేశమంతా అందులో ఉందనుకుంటాం. ఆ జాబితా రాసే బల్ల దాకా రాలేకపోయిన పిల్లలెవరు? ఒడిశా ఆదివాసీ అమ్మాయిలు దేశం పేరు రాసిన జెర్సీ వేసుకుని పరుగెత్తుతున్నప్పుడు మనం చప్పట్లు కొడతాం. జెర్సీ విప్పాక వాళ్ళ ఊళ్ళను దేశం లెక్కలో వేసుకుంటుందా? ఇవి జట్టు బాగుపడాలని అడిగే ప్రశ్నలు, జట్టును కాదనే ప్రశ్నలు కావు.

అయితే వ్యవస్థను అడగటం తేలిక. నా వంతు ఏమిటి? జాబితాలో పేరున్న మనిషికి ఒక బాధ్యత ఉంది. తన పేరు కింద ఎవరైనా ఉన్నారేమో చూసుకోవాలి. ఉంటే నోరు విప్పాలి. ఆ రోజు నాకు పదిహేనేళ్ళు, తెలియలేదు అనవచ్చు. దరఖాస్తు పెట్టిన రోజు తెలుసు. ఉద్యోగంలో చేరిన రోజు తెలుసు. సభల్లో ఏడుస్తూ సగం కథ చెప్పిన రోజు ఇంకా బాగా తెలుసు.

నవంబరు మూడో వారంలో ప్రొద్దుటూరు పోయాను. ఆమె అక్కడే ఉంటోందని తెలుసు. తెలిసీ ఇన్నేళ్ళు పోలేదు. ఇద్దరు కొడుకులు, ముగ్గురు మనవరాళ్ళు. కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మా పిల్ల కూడా వస్తానని వెంటపడింది. సర్టిఫికెట్ తీసి ఆమె చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. నా పేరు రెండుసార్లు పైకి చదివింది.

"తెచ్చిచ్చినావు, సరే మే. ఇన్నేండ్లు యాడ పెట్టినావు?"

నేనేం చెప్పను? బీరువాలో అన్నాను. ఆమె నవ్వలేదు. నాకు క్షమాపణ అడగటం కూడా చేతకాలేదు. అడిగితే ఇప్పుడామె నన్ను ఓదార్చాలి. ఆ చాకిరీ కూడా ఆమె మీదే వేయటమెందుకని ఊరుకున్నాను. కాసేపటికి కాగితం మడిచి తిరిగి నాకే ఇచ్చింది. "దీంట్లో నాదేముంది? నీ పేరే ఉంది. నాకు ఆట ఉంది, చాలు" అంది. ఈ సంగతి రాస్తానన్నాను. నీ పేరు వేసి రాస్తానన్నాను. "రాసుకో. నా పేరు మాత్రం వద్దు. నా పేరు యాడ ఉండాలనో నేను చెప్పాల, నువ్వు కాదు." అందుకే ఆమె పేరు ఇక్కడ లేదు. చదివేవాళ్ళకు వెలితిగా ఉంటే ఉండనివ్వండి. ఇది ఆమె పెట్టిన వెలితి, నేను చేసింది కాదు.

మా పిల్ల అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మెల్లగా అడిగింది, "అవ్వా, ఆ పొద్దు ఎన్ని కూతలకు పోయినావు?" ఆమె ముఖంలో అప్పుడు వచ్చింది వెలుగు. మిషను పక్కకు జరిపింది. మొదటి ఆటలో మాలో నలుగురు అవుటై కూర్చున్నారట. కూతకు పోయి ఒకరిని తాకి వస్తే మనవైపు ఒకరు లేస్తారు కదా. ఒకే కూతలో ఇద్దరిని తాకి, గీత మీద కాలి బొటనవేలు పడేదాకా ఊపిరి బిగబట్టుకుని వచ్చిందట. ఇద్దరు పిల్లలు లేచారట. ఎవరెవరు లేచారో పేర్లు చెప్పింది. నలభై ఆరేళ్ళయినా అందరి పేర్లూ గుర్తున్నాయి ఆమెకు.

తిరుగు ప్రయాణంలో బస్సులో మా పిల్లకు జవాబు చెప్పాను. నువ్వు జట్టులో ఉన్నట్టే. నీ పేరు నువ్వు ఆడి సంపాదించుకున్నావు, బరిలోకి పంపకపోయినా అది నీదే. కానీ ఎందుకు పంపలేదని సార్‌ను అడుగు. అడగటానికి వీలులేకపోతే అది జట్టు కాదు. ఇంకోటి, నీ పన్నెండో పేరు కోసం ఎవరి పేరైనా తీసేసినారేమో అది కూడా అడుగు.

"పదమూడో పిల్ల ఉంది పెద్దమ్మా," అంది వెంటనే. "ట్రయల్స్‌లో నా కంటే బాగా ఆడింది. ఎందుకు తీసుకోలేదో తెలీదు. నేను అడగలేదు."

బస్సు మైదుకూరు నాలుగు రోడ్ల దగ్గర ఆగింది. దిగేటప్పుడు పిల్ల ఫోను తీసి ఎవరికో చేస్తోంది.